సైకిలు కొనమంటున్నారు సరే, కొన్నాక దాన్ని చూసుకోవడం ఎవరు చెప్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

ప్రతి ఏడాది జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం అని పేపర్లన్నిట్లోనూ ఫొటోలు పడతాయి. ఆఫీసర్లు, నాయకులు ఒకేరకం టీషర్టులు వేసుకుని మా వైజాగ్ బీచ్ రోడ్లో సైకిళ్లు తొక్కుతుంటారు, కింద ఆరోగ్యానికి మంచిది పెట్రోలు ఆదా అని నాలుగు లైన్లు ఉంటాయి. ఆ ఫొటోలు వేయొద్దని నేననను, అవి చూసి ఇంట్లో పిల్లలు సైకిలు కావాలని అడుగుతారు, అదీ మంచిదే. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీదా వాటి పార్టుల మీదా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు, అంటే కొనడం ఇంకాస్త సులువైంది. కొన్న తర్వాత ఏమిటన్న సంగతి మాత్రం ఎవరూ రాయట్లేదు, దాని గురించే ఈ ఉత్తరం, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి ఒకసారి వచ్చి చూడండి, మాదే కాదు ఎంవీపీ కాలనీలో ఏ సెల్లార్లోకైనా వెళ్లండి. 2020లో లాక్‌డౌన్‌కి జిమ్ములు మూసేస్తే జనం ఎగబడి గేర్ సైకిళ్లు కొన్నారు కదా, అవన్నీ ఇప్పుడు గోడకి చేరేసి ఉన్నాయి, టైర్లు చప్పబడి నేలకి అతుక్కుపోయాయి, చైన్లు ఎర్రగా అయిపోయాయి, బ్రేకు పట్టుకుంటే తిరిగి వదలదు. ఎందుకు మానేశారండీ అని అడిగితే టైం ఉండట్లేదండీ అంటారు. ఇంకాస్త కదిపితే అసలు విషయం బైటికొస్తుంది. సీటు నొప్పెడుతుందండీ అని ఒకరు, చేతులు తిమ్మిరెక్కుతున్నాయని ఇంకొకరు, గేర్లు టకటకమంటూ వాటంతటవే మారిపోతున్నాయని, ఎంత తొక్కినా బండి కదలట్లేదని, గాలి నిలవట్లేదని. ఇంతమంది బద్ధకస్తులని అనుకోవడం అన్యాయం. వీళ్లకి తొక్కాలనే ఉంది, బండి తొక్కనివ్వట్లేదు, అంతే. ఈ బాధల్లో చాలావాటికి మందు మన చేతిలోనే ఉంది, ఒక పానా సెట్టు, ఒక పంపు, ఒక సీసా నూనె, పాత బట్ట ఉంటే ఇంట్లోనే అయిపోయే పనులు. ఆ మాట చెప్పేవాళ్లు లేక సైకిళ్లు మూలనపడుతున్నాయి.

నేను బీచ్ రోడ్లో తెల్లారగట్ల తొక్కుతాను, రోజూ కుదరదు గానీ కుదిరినప్పుడల్లా. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే కాసేపు బళ్లు రానివ్వరు కాబట్టి అక్కడ మొదలుపెట్టడం హాయి, అక్కణ్ణుంచి తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, రుషికొండ దాటి తొట్లకొండ కింద నుంచి మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, ఓపికుంటే భీమిలి. వెళ్లేటప్పుడు కుడిపక్కంతా సముద్రమే. రుషికొండ దగ్గర ఎక్కుడు దిగుడు ఉంటుంది, ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేం వినపడదు, ఆ ఒక్క దిగుడు కోసం పొద్దున్నే అలారం పెట్టుకుని లేవొచ్చు. మంగమారిపేట దగ్గర వలలు ఆరేసి ఉంటాయి, చేపలు ఎండబెట్టిన వాసన ముక్కుకి తగులుతుంది, నాకు ఆ వాసన ఇష్టం. వేసవిలో అయితే రోడ్డు పక్కన ముంజలమ్మేవాళ్లు కూర్చుంటారు. కారులో వెళ్తే ఇవేవీ అందవు, అద్దాలెత్తి ఏసీ వేసుకుని వెళ్లిపోతాం.

గాలి సంగతి కూడా సైకిలెక్కాకే నాకు అర్థమైంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యంగా సాగుతుంది కదా, ఎండాకాలంలో నైరుతి గాలి వీచేటప్పుడు భీమిలి వెళ్లడం సుఖంగా ఉంటుంది, వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టే, నేనెంత బాగా తొక్కుతున్నానో అనిపిస్తుంది, తిరుగు ప్రయాణంలో అదే గాలి మొహాన కొడుతుంటే సాగర్ నగర్ వచ్చేసరికి కాళ్లు పట్టేస్తాయి. చలికాలంలో ఈశాన్య గాలి కాబట్టి లెక్క తిరగబడుతుంది, ముందు కష్టం, వెనక సుఖం. కొత్తగా మొదలెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, గాలికి ఎదురుగా వెళ్లి గాలితో పాటు ఇంటికి రండి, కాబట్టి వేసవిలో భీమిలి వైపు మరీ దూరం పోకండి.

ఇబ్బందుల గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మన ఊరి ఉక్క ఎలాంటిదో అందరికీ తెలుసు, మార్చి వచ్చిందంటే ఆరున్నరకే చొక్కా వంటికి అతుక్కుపోతుంది, చెమట కళ్లల్లోకి కారి మంట. కుక్కలు వెంటపడతాయి. రాంగ్ రూట్లో వచ్చే ఆటోలు, మలుపుల్లో రోడ్డు మీదకి కొట్టుకొచ్చిన ఇసుక, ఇసుక మీద బ్రేకేస్తే చక్రం జారుతుంది. ఆదివారం పొద్దున్నయితే రోడ్డంతా శనివారం రాత్రి పగలగొట్టిన సీసా పెంకులే. ఆడవాళ్లకి ఇంకో కష్టం, భీమిలి దాకా దారిలో శుభ్రమైన బాత్రూమ్ దొరకడం కష్టం, చున్నీ వేసుకుంటే అది చైన్లో పడుతుందేమోనని భయం. ఇవన్నీ ఒక్కరోజులో పోయేవి కావు. కానీ సైకిలు వల్ల ఒంటికొచ్చే నొప్పులు మాత్రం చాలావరకు పోగొట్టుకోవచ్చు.

సీటు సంగతే చూడండి. షాపువాళ్లు కొనేవాళ్ల రెండు పాదాలూ నేలకి ఆనేటట్టు సీటు కిందకి దించి ఇస్తారు, కొనేవాళ్లకీ అదే ధైర్యంగా ఉంటుంది. అలా తొక్కితే మోకాలు మరీ ఎక్కువ ముడుచుకుని నెల తిరక్కుండా మోకాలి ముందువైపు నొప్పి పట్టుకుంటుంది, డాక్టరు దగ్గరికి పరిగెడతారు. గోడ పట్టుకుని సైకిలెక్కి, పెడల్ అన్నిటికంటే కిందకి ఉన్నప్పుడు దాని మీద మడమ పెట్టండి, కాలు నిటారుగా సాగేంత ఎత్తులో సీటుంటే చాలు, తర్వాత పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాల్లో కొంచెం వంపు మిగులుతుంది, అదే సరైన ఎత్తు. సీటు నొప్పి అని చెప్పి చాలామంది మెత్తటి జెల్ కవరు కొంటారు, అరగంట వరకు బానే ఉంటుంది, ఆ తర్వాత మెత్తదనంలోకి ఎముకలు దిగిపోయి మధ్యలో ఒత్తిడి పెరిగి తిమ్మిరెక్కుతుంది. మన బరువు మొయ్యాల్సింది కూర్చున్నప్పుడు కింద ఆనే రెండు ఎముకలు, అవి ఆనేంత వెడల్పున్న కాస్త గట్టి సీటే ఎక్కువ దూరానికి సుఖం, ఆడవాళ్లకి మామూలుగా ఇంకాస్త వెడల్పుది కావాలి. చేతి తిమ్మిరి అయితే, చిటికెన వేలు దాని పక్క వేలు మొద్దుబారిపోతాయి చూడండి, అరచేతి అంచున నరం నొక్కుకుపోవడం వల్ల అది, చాలాసార్లు సీటు ముక్కు కిందకి వాలి ఉండడం వల్ల ఒళ్లంతా ముందుకి జారి చేతుల మీద పడుతుంది. సీటు సమానంగా పెట్టుకుంటే, మధ్యమధ్యలో చేతులు మార్చుకుంటుంటే తగ్గిపోతుంది. ఇంత చిన్న విషయానికి వేలు పోసి కొన్న సైకిలు మూలన పడేశారంటే బాధేస్తుంది.

ఇక మా ఊరికి ప్రత్యేకమైన శత్రువు ఉప్పుగాలి. 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన 'ఎంవీ మా' అనే బంగ్లాదేశ్ ఓడ గుర్తుందా, అంత లావు ఇనుముకే తుప్పు ఎలా పట్టిందో ఊరంతా వెళ్లి చూసొచ్చాం, సెల్ఫీలు దిగాం. సన్నటి చైను లింకులు ఆ గాలికి ఏ మూలకి? బీచ్ రోడ్లో తొక్కి ఇంటికొచ్చి సైకిలు అలాగే పెట్టేస్తే ఉప్పుతడి చైను మీదే ఉండిపోతుంది, వారంలో ఎర్రబడుతుంది. కొంతమంది వాటర్ సర్వీసింగ్‌కి తీసుకెళ్లి మోటారు బళ్ల మాదిరి పైపుతో గట్టిగా కొట్టిస్తారు, దయచేసి అలా చేయకండి, ఆ నీళ్ల ధాటికి ఇరుసుల్లో, పెడళ్ల దగ్గర ఉన్న గ్రీజు కొట్టుకుపోయి లోపల నీళ్లు చేరి బేరింగు గోళీలు తుప్పు పడతాయి. ఇంటికి రాగానే మంచినీళ్లలో తడిపి పిండిన బట్టతో ఫ్రేము, రిమ్ములు తుడిచి, ఇంకో పొడిబట్టతో చైను పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పితే చాలు, టీ మరిగేలోపు అయిపోతుంది.

చైనుకి నూనె వేయడంలోనే అసలు కిటుకంతా ఉంది. చాలామంది ఇళ్లల్లో కొబ్బరినూనె పోసేస్తారు, అది దుమ్ముతో కలిసి జిగురు కట్టి నల్లటి ముద్దవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొడతారు ఇంకొందరు, అది మురికి వదిలించడానికి బానే ఉంటుంది గానీ ఎక్కువసేపు నిలవదు, ఉన్న నూనెని కూడా పట్టుకుపోతుంది. ముందు కిరసనాయిలు గానీ డీజిల్ గానీ చిన్న గిన్నెలో పోసుకుని పాత టూత్‌బ్రష్‌తో చైను తోమి, తుడిచి, బాగా ఆరనిచ్చి, అప్పుడు సైకిల్ చైన్ ఆయిలు, అది దొరక్కపోతే కుట్టుమిషన్ ఆయిలైనా సరే, చైను లోపలివైపు ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేసి, పెడల్ కాసేపు తిప్పి, ఆ తర్వాత పైన కనపడే నూనెంతా మళ్లీ తుడిచేయాలి. ఇంత వేసి తుడిచేయడమేంటి అని అందరూ అడుగుతారు. నూనె కావాల్సింది లింకు లోపల, పిన్ను చుట్టూ, పైన మిగిలిపోయిన నూనె ఇసుకని పట్టుకుంటుంది, ఆ ఇసుక ఉప్పుకాయితంలాగా చైను తిరిగే చక్రాల పళ్లని అరగదీస్తుంది. ఈ ఒక్క పని సరిగా చేసిన రోజున మీ సైకిలు శబ్దం వినండి. అసలు శబ్దమే ఉండదు, టైరు రోడ్డు మీద చేసే చిన్న గుర్రు తప్ప. తొక్కే సుఖంలో సగం అదే అని నా నమ్మకం.

చైను ఎప్పుడు మార్చాలో చెప్పడానికి మెకానిక్కే అక్కర్లేదు, పిల్లల స్కేలు చాలు. అంగుళాల స్కేలు తీసుకుని ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి కొలిస్తే కొత్త చైన్లో సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్యకి వస్తుంది. అరిగిన చైన్లో అది పక్కకి జరుగుతుంది, అంగుళంలో పదహారో వంతు జరిగితే మార్చేయాలి, ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే వెనక పళ్లచక్రాలు కూడా అదే లెక్కన అరిగిపోయి ఉంటాయి, అప్పుడు చైనొక్కటే మారిస్తే పళ్ల మీంచి జారిపోతుంటుంది, రెండూ కొనాలి, ఖర్చు ఎన్నో రెట్లు. గేర్లు వాటంతటవే మారిపోతున్నాయని సైకిలు మూలన పెట్టినవాళ్లలో కొందరికైనా జబ్బు ఇదే అయ్యుంటుంది, లేదంటే గేరు వైరు కాస్త సాగి ఉంటుంది, అదైతే వెనక గేరు దగ్గర వైరు వచ్చే చోట చేత్తో తిప్పే చిన్న మర ఒకటి ఉంటుంది, సగం చుట్టు అటో ఇటో తిప్పితే లైన్లోకి వస్తుంది.

గాలి గురించి ఒక ముక్క. ట్యూబు రబ్బర్లోంచి గాలి దానంతటదే కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది, పంచరు లేకపోయినా. సన్నటి టైర్లయితే వారానికోసారైనా కొట్టాలి. ఎంత కొట్టాలో టైరు పక్కనే అంకెలేసి ఉంటాయి, బొటనవేలితో నొక్కి చూసి సరిపోయింది అనుకుంటే సన్న టైర్లకి కుదరదు. గాలి తక్కువుంటే తొక్కడం బరువవడం ఒకటే కాదు, గోతిలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. మరి గాలి ఎక్కడ కొట్టించాలి? పెట్రోలు బంకుకి వెళ్తే సైకిలుకి కొట్టం అని ఒకచోట, నీ వాల్వు మాకు పట్టదు అని ఇంకోచోట. వాల్వుల గొడవ నిజమే, పాత నల్ల సైకిళ్లకి లోపల చిన్న రబ్బరు వాల్వ్ ట్యూబుండే రకం, చాలా గేర్ సైకిళ్లకి మోటారు బళ్లకున్న రకమే, ఖరీదైన సన్న టైర్ల సైకిళ్లకి సన్నగా పొడుగ్గా ఉండే రకం. ఈ సన్న రకానికి తగిలించుకునే ఇత్తడి ముక్క ఒకటి దొరుకుతుంది, చాలా చవక, అది సీటు కింద సంచీలో ఉంటే ఎక్కడైనా పని జరుగుతుంది.

ఇవన్నీ నాకు ఎవరు నేర్పారంటే మా వీధి చివర చెట్టు కింద కూర్చునే సైకిల్ షాపు బాబాయ్. షాపంటే ఒక చెక్కపెట్టె, నీళ్ల తొట్టి, పంపు, కొమ్మకి వేలాడే పాత టైర్లు. ఆయన ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూసి చిల్లు పట్టుకుంటాడు, అది అందరూ చేసేదే, కానీ ప్యాచ్ వేశాక టైరు లోపల చుట్టూ వేళ్లతో నిదానంగా తడిమి గుచ్చుకున్న పెంకు తీసేదాకా వదలడు, "ఇది తియ్యకపోతే రేపు మళ్లీ నా దగ్గరికే వస్తావమ్మా" అంటాడు. చక్రం బెండు తీసేటప్పుడు చూడాలి ఆయన్ని, ఒక్కో పుల్ల మీటి శబ్దం విని ఏది వదులో ఏది బిగువో చెప్పేస్తాడు. ఓవరాయిలింగ్ అంటే సైకిలంతా విప్పేసి, గోళీలు మూతలో పోసి కిరసనాయిల్లో కడిగి, కప్పుల్లో కొత్త గ్రీజు పెట్టి, ఇరుసు మరీ బిగించకుండా మరీ వదలకుండా గోళీల్ని నొక్కి పట్టే కోన్ సర్దుతాడు, చక్రం పైకెత్తి వదిలేస్తే వాల్వు బరువుకే అది మెల్లగా తిరిగి కిందకొచ్చి ఆగాలి, అప్పుడే పని అయినట్టు. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుందని, మామూలు బోల్టులా తిప్పితే ఇంకా బిగుసుకుంటుందని ఆయనే చెప్పాడు. ఇలాంటివాళ్లు మన ఊళ్లో ఎంతమంది మిగిలారు? వాళ్ల పిల్లలు ఈ పనిలోకి రావట్లేదు. ఫుట్‌పాత్ పనులు అని, రోడ్డు వెడల్పు అని ఆయన పెట్టెని ఇప్పటికే అక్కణ్ణుంచి ఇక్కడికి, ఇక్కణ్ణుంచి ఇంకోచోటికి జరిపించారు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం సరుకులమ్మేవాళ్లకే కాదు, వీధిలో కూర్చుని ఇలాంటి సేవలు చేసేవాళ్లకి కూడా వర్తిస్తుంది, సర్వే చేసి వాళ్లకి గుర్తింపు పత్రాలు ఇవ్వాలి, అది అయ్యేదాకా ఉన్నచోటు నుంచి లేపకూడదు. సైకిల్ మెకానిక్‌లలో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు కనపడలేదు.

సైకిల్ దినోత్సవం అంటే నాకు ఇంకో సంగతి కూడా గుర్తొస్తుంది. మన నాన్నల తరం అంతా ఎరిగిన అట్లాస్ కంపెనీ, ఉత్తరప్రదేశ్‌లోని సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసింది 2020 జూన్ 3న, సరిగ్గా ఆ రోజే. ఎంత పెద్ద పేరున్నా పట్టించుకునేవాళ్లు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంకేం కావాలి. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, పైన సోలార్ పలకలతో, 2023 అక్టోబరు 1న మొదలుపెట్టారు. నిజంగా చాలా మంచి పని, మాకూ అలాంటిదొకటి వస్తే సంతోషమే. కానీ అంత డబ్బు పెట్టకుండానే ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి కదా.

నగరపాలక సంస్థ వాళ్లకి మీ పేపరు ద్వారా నా విన్నపం ఇది. ఆర్కే బీచ్ దగ్గర, రుషికొండ దగ్గర, భీమిలిలో నేలకి గట్టిగా బిగించిన ఒక్కో కాలు పంపు, రెండు మూడు రకాల వాల్వులకి పట్టే మూతితో, ఉప్పుగాలికి తట్టుకునే స్టీలుది పెట్టండి. పక్కనే ఒక మంచినీళ్ల కుళాయి, గొలుసుతో కట్టిన నాలుగు పానాలు. అక్కడే ఆ పేటలో ఉన్న సైకిల్ మెకానిక్‌కి కూర్చోడానికి నీడ, గుర్తింపు కార్డు ఇస్తే ఆ పంపు బాగోగులు ఆయనే చూసుకుంటాడు, మనం వేరే మనిషిని పెట్టక్కర్లేదు. మునిసిపల్ స్కూళ్లలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి ఏడాదికి ఒక పూట పంచరు వేయడం, చైను శుభ్రం చేయడం ఆ బాబాయ్‌ల చేత నేర్పించి, వాళ్లకి ఆ పూటకి కూలి ఇవ్వండి. ఆడపిల్లలకి ఇది మరీ ముఖ్యం, దారి మధ్యలో చైను పడిపోతే ఎవరికోసమూ ఎదురుచూడకుండా వేసుకుని ఇంటికి రాగలగాలి.

ఇక మీకు. సంపాదకులు గారూ, మీరు ఆదివారం పేజీలో వంటలకి చోటిస్తున్నారు, మొక్కలకి ఇస్తున్నారు, కార్ల రివ్యూలకి సగం పేజీ ఇస్తున్నారు. వారానికి ఒక్క చిన్న కాలమ్, బొమ్మతో సహా, సైకిలు చూసుకోవడం గురించి వేయండి. రాసేవాళ్లు లేరనుకోకండి, జిల్లాకొక పాత మెకానిక్ దగ్గరికి మీ విలేకరిని పంపితే ఏడాదికి సరిపడా విషయం దొరుకుతుంది, ఆయన ఫొటో, ఆయన ఉండే వీధి పేరు ఆయన ఒప్పుకుంటే వేయండి, నాలుగు బేరాలు పెరుగుతాయి. మొదటివారం చైను గురించి వేస్తే మంచిది. వానాకాలం రాకముందే వేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే సెల్లార్లో నీళ్లు చేరేది అప్పుడే. కటింగులు మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద నేను అతికిస్తాను, మా సెల్లార్లో సైకిళ్లు ఒక్కొక్కటే బైటికి తీయించే పూచీ నాది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం